రాత్రికి ఒక్క కథ: ‘ముషిషి’ని చూసే పద్ధతి

మొదట ఒక చిన్న పని చేయండి. రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసుకుని కళ్ళు మూసుకోండి. బయటి చప్పుడు తగ్గగానే లోపల ఒక మోత మొదలవుతుంది. దూరంగా గూడ్సు రైలు వంతెన దాటుతున్నట్టు, తెరిపి లేకుండా గుర్రుమంటూ ఉంటుంది. చాలామంది అది రక్తం పారే చప్పుడనుకుంటారు. నిజానికి అందులో ఎక్కువ భాగం మీ చేతి కండరాలది. చెయ్యి అలా నొక్కిపట్టి ఉంచడానికి కండరాల పోగులు బిగుసుకుంటూ సన్నగా కంపిస్తుంటాయి. ఆ కంపనం అరచేతి గుండా చెవికి చేరుతుంది. బతికున్నంత కాలం ఆ మోత మనతోనే ఉంటుంది, చెవులు మూసుకుంటే తప్ప వినపడదు.

‘ముషిషి’ అనే జపనీస్ యానిమేషన్ సీరీస్ మూడో ఎపిసోడ్‌లో ఒక తల్లి తన కొడుక్కి ఈ చప్పుడు గురించే చెబుతుంది. లావా పారుతున్నట్టు ఉంటుందంటుంది. కథ మొత్తం ఆ మాట మీద నిలబడి ఉంది. చెవులు మూసుకుని విన్నాక ఆ ఎపిసోడ్ చూస్తే ఒక రకంగా ఉంటుంది, వినకుండా చూస్తే ఇంకో రకంగా ఉంటుంది. అందుకే ఈ వ్యాసాన్ని అక్కడి నుంచి మొదలుపెట్టాను.

నేను కాకినాడలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో 18 ఏళ్ళుగా టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. నా పని కంటికి కనిపించని వాటిని కనిపించేలా చేయడం. హైదరాబాద్‌లో చదువుకుంటున్న మా మేనకోడలు రెండేళ్ళ కిందట సంక్రాంతికి వచ్చినప్పుడు, “అత్తా, ఇది నీలాంటివాళ్ళ కోసమే తీశారు, చూడు” అని ఈ సీరీస్ పరిచయం చేసింది. ఆ మాట నాకు అర్థం కావడానికి కొన్ని వారాలు పట్టింది, ఎందుకంటే మొదటిసారి నేను తప్పుగా చూశాను. ఒక ఆదివారం వరుసగా ఐదు ఎపిసోడ్‌లు చూసేశాను. మర్నాడు పొద్దున స్లైడ్లకు రంగు వేస్తూ గుర్తు చేసుకుంటే కొండలు, పొగమంచు, తెల్లజుట్టు మనిషి, అంతే. ఏ కథ ఎక్కడ ముగిసిందో, ఏ పిల్లకు ఏమైందో ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మళ్ళీ మొదటి నుంచి, వారానికి రెండు చొప్పున చూశాను. అప్పుడు తెలిసింది దీని విలువ. నేను పోగొట్టుకున్న ఆ ఐదు కథలు మీరు పోగొట్టుకోకూడదని ఇదంతా రాస్తున్నాను.

ముందుగా ఇది ఏమిటో

యుకి ఉరుషిబారా అనే రచయిత్రి 1999 నుంచి 2008 వరకు గీసిన మాంగా, అంటే జపనీస్ బొమ్మల కథ, దీనికి మూలం. అది పది సంపుటాలు. దాన్ని హిరోషి నాగహామా దర్శకత్వంలో ఆర్ట్‌లాండ్ అనే స్టూడియో యానిమేగా తీసింది. 2005 అక్టోబరులో మొదలై 2006లో ముగిసిన మొదటి సీరీస్‌లో 26 ఎపిసోడ్‌లు ఉన్నాయి. ఒక్కోటి సుమారు 24 నిమిషాలు. ప్రతి ఎపిసోడ్ ఒక పూర్తి కథ. నిన్న చూసినది గుర్తు లేకపోయినా ఇవాళ్టిది అర్థమవుతుంది. ఎనిమిదేళ్ళ తర్వాత, 2014లో, అదే దర్శకుడు, అదే స్టూడియో, అదే సంగీత దర్శకుడు తోషియో మసుదాతో రెండో సీరీస్ వచ్చింది. 

కథలన్నిటిలోనూ కనిపించేవాడు గింకో అనే ముషిషి, అంటే ముషివైద్యుడు, ఒక్కడే. తెల్లజుట్టు, ఒక ఆకుపచ్చ కన్ను, వీపున సొరుగులున్న చెక్కపెట్టె, నోట్లో ఎప్పుడూ పొగచుట్ట. చుట్టూ అందరూ కిమోనోలు కట్టుకుని ఉంటే అతనొక్కడే చొక్కా, ప్యాంటు వేసుకుంటాడు. ఆ పొగ సరదా కోసం తాగేది కూడా కాదు, ముషి అనే జీవాలను దూరంగా ఉంచడానికి. అతని ఒంటి తత్వం ముషిలను ఆకర్షిస్తుంది. ఒకే చోట ఎక్కువ కాలం ఉంటే అవి పోగై ఆ చోటికే చేటు చేస్తాయి. కాబట్టి అతనికి ఇల్లు లేదు. ఒక ఊరికి వస్తాడు, రోగిని చూస్తాడు, వెళ్ళిపోతాడు.

ముషి అంటే ఏమిటో చెప్పడం కొంచెం కష్టం. జపనీస్‌లో ఆ మాటకు మామూలు అర్థం పురుగు. ఇక్కడ మాత్రం శీర్షికలో పాత లిపి వాడారు, అందులో పురుగు అనే గుర్తు మూడుసార్లు ఉంటుంది, పైన ఒకటి, కింద రెండు. ఈ కథల్లో ముషి అంటే మొక్కా కాని, జంతువూ కాని, ప్రాణం అనేదానికి మొట్టమొదటి రూపానికి దగ్గరగా ఉండే ఒక జీవం. కొందరికి కనిపిస్తుంది, ఎక్కువమందికి కనిపించదు. 

జపనీస్ వాళ్ళ మాటల్లో ఈ ముషి అంతటా ఉంది. ఆకలేస్తే కడుపులో ముషి అరుస్తోందంటారు. మనం కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయంటాం. కారణం లేకుండా మనసు కీడు శంకిస్తే దాన్ని ముషి పంపిన కబురు అంటారు. చంటిపిల్ల ఊరికే గుక్కపెట్టి ఏడిస్తే ముషి పట్టిందనేవారు, దాన్ని కట్టడి చేసే పూజలు కూడా ఉండేవి. మన బుర్రలో పురుగు తొలిచినట్టే వాళ్ళ ఒంట్లోనూ ఒక పురుగు మసలుతోంది. రచయిత్రి ఆ పాత నమ్మకాన్ని పట్టుకుని, ఆ పురుగు నిజంగానే ఉంటే ఎలా బతుకుతుంది, ఏం తింటుంది, ఎందుకు మన ఒంట్లోకి వస్తుంది అని ఒక్కోదాన్నీ విడిగా ఆలోచించింది.

దెయ్యాల కథ అనుకుని కూర్చోకండి

అతీంద్రియ కథ అనగానే మనకు మనసులో ఒక అచ్చు సిద్ధంగా ఉంటుంది. ఎవరికో గాలి సోకుతుంది, భూతవైద్యుడు వస్తాడు, వేపమండలు, ముగ్గు, అరుపులు, చివరికి అది వదిలిపోతుంది. గింకో అలాంటివాడు కాడు. అతను పాతకాలపు పల్లె వైద్యుడిలా వస్తాడు. ముందు కూర్చుంటాడు, ఎప్పటి నుంచి అని అడుగుతాడు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, అప్పట్లో వాన పడిందా, ఎక్కడ పడుకున్నారు అని అడుగుతాడు. తర్వాత ఒక ఊహ చెబుతాడు, తప్పయితే మార్చుకుంటాడు. ఏ ముషి మీదా అతనికి పగ లేదు. వాటి దారిన అవి బతుకుతున్నాయి, మనుషుల దారిన మనుషులు బతుకుతున్నారు, దారులు ఒకచోట అడ్డుపడ్డాయి. అతని వైద్యమంతా ఆ అడ్డు తీయడమే.

ఇది చూసినప్పుడు నాకు మా ల్యాబ్ గుర్తొచ్చింది. కఫం స్లైడులో ఎర్రని సన్నని కడ్డీల్లా కనిపించే క్షయ క్రిమికి ఆ మనిషి మీద కోపం లేదు. ఆమె ముగ్గురు పిల్లల తల్లి అని దానికి తెలియదు. దానికి తెలిసిందల్లా వెచ్చదనం, గాలి, పెరగడం. జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోక్ ఆ క్రిమిని గుర్తించానని ప్రకటించింది 1882లో. ముషిషి కథల కాలం ఏ సంవత్సరమో ఎక్కడా చెప్పరు కాని, షోగన్ల ఎడో పాలన ముగిసి మెయిజి చక్రవర్తి కాలం మొదలయ్యే మధ్యలో ఊహించుకున్న జపాన్ అది. అంటే 1868 అటూ ఇటూ. చాలా రోగాల క్రిములను ఇంకా గుర్తించలేదు. 1889లో ధనుర్వాత క్రిమిని మొదటిసారి విడిగా పెంచి చూపించిన కితసాతో షిబాసబురో జపాన్‌వాడే, కోక్ దగ్గర బెర్లిన్‌లో పనిచేశాడు. గింకో తిరిగే ఊళ్ళకు ఆ చదువు ఇంకా చేరలేదు. కంటికి కనిపించనిదేదో ఒంట్లోకి వస్తోందని మాత్రం వాళ్ళకు తెలుసు. ఆ తెలియడానికీ, పేరు పెట్టడానికీ మధ్య ఉన్న చీకటిలో ఈ కథలు నడుస్తాయి. మా మేనకోడలు అన్నది ఇదే అయి ఉండాలి.

కాబట్టి చూసేటప్పుడు ‘విలన్ ఎవరు’ అని వెతకకండి. దానికి బదులు ఒక ప్రశ్న పట్టుకోండి: ఈ ముషి ఏం తిని బతుకుతోంది? దాదాపు ప్రతి కథకూ తాళంచెవి అక్కడే దొరుకుతుంది. మూడో ఎపిసోడ్‌లో ఒక ముషి శబ్దాన్ని తింటుంది, ఇంకొకటి నిశ్శబ్దాన్ని తింటుంది. నిశ్శబ్దాన్ని తినేది చెవిలో ఉంటే మనిషికి ఏమవుతుందో ఆలోచించండి. లోకంలోని చప్పుళ్ళన్నీ లోపలికి వచ్చిపడతాయి. మంచు కప్పేసిన కొండ ఊరిలో ఒక పిల్లవాడికి నుదుటి మీద చిన్న కొమ్ములు మొలుస్తాయి. అతను చీకటి గదిలో కూర్చుని, చప్పుళ్ళ హోరును భరిస్తూ ఉంటాడు. మిగతాది మీరు చూడండి. చెవులు మూసుకోవడం మాత్రం గుర్తుంచుకోండి.

ఎప్పుడు, ఎలా

రాత్రి భోజనాలయ్యాక, గిన్నెలు సర్దేశాక చూడండి. ఒక్కటే చూడండి. ఈ రెండు మాటలూ పట్టుకుంటే మిగతావి వాటంతట అవే కుదురుతాయి.

ఒక్కటే ఎందుకంటే, ఈ కథలు చాలావరకు మీరు స్క్రీన్ ఆపేశాక పండుతాయి. మా ల్యాబ్‌లో శాంపిల్‌ను ప్లేటు మీద గీసి ఇంక్యుబేటర్‌లో 37 డిగ్రీల దగ్గర పెడతాం. సాయంత్రం పెడితే మర్నాడు పొద్దున చూస్తాం. గంటకోసారి తలుపు తెరిచినంత మాత్రాన క్రిమి తొందరగా పెరగదు. క్షయకైతే కొన్ని వారాలు ఆగాలి. ఈ సీరీస్ కూడా అంతే. కథ చూసి పడుకుంటే మర్నాడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడో, కూర తరుగుతున్నప్పుడో ఒక దృశ్యం మళ్ళీ వస్తుంది. రెండోది వెంటనే చూస్తే మొదటిది అక్కడితో ఆగిపోతుంది. ఎపిసోడ్ అయిపోగానే తర్వాతది దానంతట అదే మొదలయ్యే సదుపాయం ఉంటే ముందే ఆపేయండి. ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మొదటి సీరీస్‌లో చివరన పేర్లు వచ్చేటప్పుడు వినిపించే సంగీతం ప్రతి ఎపిసోడ్‌కూ వేరు. ఆ కథ కోసమే కట్టినది. దాన్ని దాటవేస్తే కథ చివరి పేజీ చింపినట్టే. నేను లైటు వేయకుండా అది పూర్తయ్యే వరకు కూర్చుంటాను.

వేగం పెంచి చూసే అలవాటు ఇప్పుడు చాలామందికి ఉంది. మా అబ్బాయి పాఠాలు కూడా ఒకటిన్నర వేగంతో వింటాడు. దీనికి ఆ పని చేయకండి. ఇందులో ఎవరూ గబగబా మాట్లాడరు. మాటకీ మాటకీ మధ్య గాలి వీస్తుంది, మంచు రాలుతుంది, ఎక్కడో నీళ్ళు పారతాయి. ఆ ఖాళీలన్నీ లెక్కపెట్టి పెట్టినవి. వేగం పెంచగానే మొదట పోయేవి అవే.

చప్పుడు ముఖ్యం. ఫ్యాను తగ్గించగలిగితే తగ్గించండి. కాకినాడ ఎండాకాలంలో అది అయ్యే పని కాదు కాబట్టి నేను హెడ్‌ఫోన్లు వాడతాను. తోషియో మసుదా సంగీతం గంటల మోతలాగా ఒక్కో స్వరం విడివిడిగా పడుతుంది, ఆగిపోయాక కూడా కాసేపు గదిలో ఉన్నట్టే అనిపిస్తుంది. ఫోను చిన్న స్పీకరులో అది దొరకదు. తెర పెద్దదైతే మంచిదే కాని, చిన్నదైనా ఫరవాలేదు. మొదటి సీరీస్ ప్రారంభ గీతం ఇంగ్లీషులో ఉండి మిమ్మల్ని ఆశ్చర్యపరచవచ్చు. ఆలీ కెర్ అనే స్కాట్లండ్ గాయకుడు గిటారుతో పాడింది. అది నడుస్తూ పోయేవాడి పాట, గింకోకు సరిగ్గా సరిపోతుంది. 

పక్కన ఒకరు ఉంటే

నేను జపనీస్ మాటలతో, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో చూశాను. గింకోకు గొంతు ఇచ్చిన యూతో నకానో ఎక్కడా గొంతు పెంచడు. అలసిపోయి కూడా విసుక్కోని డాక్టరు మాట్లాడినట్టు ఉంటుంది. ఆ గొంతు వినాలి.

సబ్‌టైటిల్స్ చదవలేని పెద్దవాళ్ళతో కూడా దీన్ని చూడవచ్చు, నేను చూశాను. మా అత్తయ్యకు 74 ఏళ్ళు. కోనసీమలో పెరిగిన మనిషి. మొదట్లో నేను మాటకు మాట అనువాదం చేయబోయాను, కుదరలేదు. ఆవిడకు బొమ్మ చూడటమా, నా మాట వినటమా తెలియలేదు. తర్వాత పద్ధతి మార్చాను. పాత్ర మాట్లాడటం పూర్తయ్యే వరకు నేను నోరు మెదపను. తర్వాత వచ్చే నిశ్శబ్దంలో, ఏం జరిగిందో నా మాటల్లో ఒక్క వాక్యం చెబుతాను. “వాళ్ళమ్మకు అన్నీ మరుపొస్తున్నాయట అత్తయ్యా.” అంతే. ఈ సీరీస్ నిదానంగా నడవడం అలా చెప్పడానికి ఎంతో కలిసొచ్చింది. పరుగులు తీసే కథ అయితే ఇలా చూడలేం.

ఆవిడతో చూసిన వాటిలో 16వ ఎపిసోడ్ నేను మరచిపోలేను. ఒక స్త్రీ చెట్టు నీడన విశ్రమించినప్పుడు నీడలాంటి ముషి ఒకటి చెవిలో దూరుతుంది. అది జ్ఞాపకాలు తింటుంది. రోజూ తలుచుకునేవాటి జోలికి పోదు, వాడకుండా మూల పడి ఉన్నవాటిని తింటూ పోతుంది. ఆమె ఒక్కొక్కటీ మరచిపోతుంది. భర్త సరుకులు అమ్మడానికి ఊరు వెళ్ళి తిరిగి రాలేదు. ఆమె మాత్రం అతని కోసం రోజూ భోజనం వడ్డించి పెడుతుంది. దూరాన ఉన్నవాళ్ళు క్షేమంగా ఉండాలని ఇంట్లో వాళ్ళ వంతు అన్నం పెట్టడం జపాన్‌లో పాత ఆచారం, దాన్ని కగెజెన్ అంటారు. 

ఆ దృశ్యం దగ్గర నేను చెప్పాల్సిన వాక్యం చెప్పకముందే అత్తయ్య, “మీ మామయ్యగారు కువైట్‌లో ఉన్నప్పుడు నేనూ ఒక ముద్ద తీసి పెట్టేదాన్నమ్మా” అంది. మా పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటింది, ఆవిడ నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు. ఏం చేసేవారు దాన్ని పొద్దున అని అడిగాను. నీళ్ళు పోసి చద్దన్నం చేసుకుని తానే తినేదట. ఏడేళ్ళ పాటు. ఆ తర్వాత ఎపిసోడ్ ఎటు వెళ్తోందో కాసేపు ఇద్దరం చూడలేదు. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాం.

ఏ వరుసలో

వరుసగా చూసినా నష్టం లేదు. అయినా కొత్తవాళ్ళకు నేను ఇచ్చే వరుస వేరు. మొదట మూడోది చూడండి. రోగం, ఆరా, ఊహ, చికిత్స, అన్నీ స్పష్టంగా ఉంటాయి, సీరీస్ నడక తెలిసిపోతుంది. తర్వాత ఒకటో ఎపిసోడ్. ఎడమ చేత్తో ఏది గీసినా ప్రాణం పోసుకునే ఒక అబ్బాయి కథ అది. చాలా అందంగా ఉంటుంది కాని, ముషి అంటే ఏమిటనే వివరణ అందులో కొంచెం బరువుగా పడుతుంది. మూడోది చూసి ఉంటే ఆ బరువు తెలియదు. ఆ తర్వాత ఐదోది, ఒక చోట నిలవకుండా ప్రయాణించే మడుగు కథ. అక్కడి నుంచి మిగిలినవన్నీ వరుసగా చూసుకోండి.

12వ ఎపిసోడ్‌ను ముందుకు లాగకండి. గింకో చిన్నతనం అందులో ఉంది. ఆ జుట్టు ఎందుకు తెల్లబడింది, రెండో కన్ను ఏమైంది అనే ప్రశ్న మీకు పదకొండు కథల పాటు నలగాలి. ముందే తెలిసిపోతే అది సమాచారంగా మిగులుతుంది. 20వ ఎపిసోడ్ కూడా అంతే, దాన్ని దాని చోటే ఉండనివ్వండి. 

ఈ 20వ దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలనుంది. తాన్యూ అనే యువతి కుడికాలు పుట్టుకతోనే నల్లగా, కదలకుండా ఉంటుంది. వాళ్ళ వంశంలో ఒక పూర్వీకురాలు భయంకరమైన ముషిని తన ఒంట్లో బంధించింది. ఆ బందిఖానా తరం తర్వాత తరానికి వస్తోంది. దాన్ని ఒంట్లోంచి కొంచెం కొంచెంగా దించాలంటే ఒకటే దారి. ముషివైద్యులు వచ్చి ముషిలను ఎలా చంపారో చెబుతారు, ఆమె రాస్తుంది. రాస్తున్నప్పుడు ఆ నలుపు నొప్పితో పాటు అక్షరాలై కాగితం మీదికి దిగుతుంది. ఆ కాగితాలన్నీ నేలకింద ఒక గ్రంథాలయంలో ఉంటాయి. చంపడం గురించి వినీ వినీ, రాసీ రాసీ ఆమె అలసిపోయి ఉంటుంది. అప్పుడు గింకో వస్తాడు. అతని దగ్గర చంపని కథలు ఉన్నాయి. ఆమె అతని కోసం ఎందుకు ఎదురుచూస్తుందో అర్థం కావాలంటే, అప్పటికి మీరు కూడా ముషిల మీద కొంత మమకారం పెంచుకుని ఉండాలి. పంతొమ్మిది కథలు అందుకు కావాలి. నేను రోజూ రిపోర్టులు రాసే మనిషిని. నొప్పి చేతిలోంచి సిరాలా దిగి కాగితం మీద నిలిచే ఆ బొమ్మను చూసినంతసేపూ నా వేళ్ళు నాకే కొత్తగా అనిపించాయి.

ఒక హెచ్చరిక కూడా ఉంది. నెమ్మదిగా ఉంటుంది కదా అని పసిపిల్లలకు పెట్టకండి. నాలుగో ఎపిసోడ్, కలలు నిజమయ్యే మనిషి కథ, చాలా విషాదం. పడుకోబోయే ముందు వద్దు. 21వది కడుపులోని బిడ్డకు సంబంధించినది. గర్భంతో ఉన్నవారు, బాలింతలు దాన్ని తప్పకుండా వాయిదా వేసుకోండి. పన్నెండేళ్ళు దాటిన పిల్లలతో మూడు, ఐదు, ఏడు హాయిగా చూడవచ్చు. ఏడులో ఇంద్రధనుస్సు వెంట పడి తిరిగే ఒక కుర్రవాడు ఉంటాడు. తీరంలో ఉండేవాళ్ళకు ఎనిమిదోది బాగా తగులుతుంది. సముద్రంలో తప్పిపోయిన భార్య కోసం ఒడ్డునే ఉండిపోయిన మనిషి కథ. 

ఒక రిజిస్టరు పెట్టుకోండి

అందరూ చేయరు కాని, ఈ ఒక్క పని చేస్తే సీరీస్ రెండింతలు మీదవుతుంది. పాత నోటుపుస్తకం తీసుకుని ఐదు గడులు గీయండి: ఊరు, లక్షణం, ముషి ఏం తింటుంది, గింకో ఏం చేశాడు, ఫలితం. మా ల్యాబ్ రిజిస్టరు అలవాటు కొద్దీ నేను మొదలుపెట్టాను. ఎపిసోడ్ చూసిన రాత్రి రాయవద్దు. మర్నాడు రాయండి. మర్నాటికి నిలిచింది రాస్తే చాలు. 

మొదటి నాలుగు గడులు సులువుగా నిండుతాయి. ఐదోదే ఆపుతుంది. మా దగ్గర ఫలితం గడిలో పాజిటివ్, నెగెటివ్ అని రెండే మాటలు. ఇక్కడ అలా రాయలేకపోయాను. 16వ ఎపిసోడ్‌కు ఏమని రాయాలి? జ్ఞాపకాలు పోతూనే ఉన్నాయి, ఆమె నవ్వుతూనే ఉంది. నేను ‘అన్నం పెడుతోంది’ అని రాశాను. నాలుగోదానికి తేదీ మాత్రం వేసి ఖాళీగా వదిలేశాను, ఇప్పటికీ ఖాళీగానే ఉంది. మూడోదానికి ‘విన్నాడు’ అని ఒక్క మాట. పుస్తకం సగం నిండాక ఐదో గడిని పైనుంచి కిందికి చదివితే, ఈ సీరీస్ నన్ను ఎందుకు వదలడం లేదో నాకు కొంత అర్థమైంది. గింకో దగ్గరికి వచ్చినవాళ్ళలో చాలామంది పూర్తిగా నయమై వెళ్ళరు. తమకు వచ్చినదాని పేరు తెలుసుకుని, దానితో పాటు బతకడం నేర్చుకుని వెళ్తారు. మా ల్యాబ్ కిటికీ దగ్గర రిపోర్టు అందుకుని, మెట్ల మీద కూర్చుని రెండోసారి చదువుకునే మనుషులను ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. వాళ్ళ కోసం మా రిజిస్టరులో గడి లేదు.

విసుగు అనిపిస్తే ఏం చేయాలని మా అబ్బాయి అడిగాడు. ఎనిమిదో నిమిషంలో లేచిపోయాడు వాడు. నిద్రమత్తులో ఉంటే ఆపి పడుకోండి, రేపు చూడవచ్చు. మెలకువగా ఉండి విసుగనిపిస్తే మాత్రం ఇంకో రెండు నిమిషాలు కూర్చోండి, బొమ్మలో మనుషులను వదిలేసి వెనకాల ఉన్నదాన్ని చూడండి. ఆకుల మీద వెలుతురు ఎటు నుంచి పడుతోంది, ఏ ఋతువు, ఏ వేళ? ప్రతి కథకూ తనదైన ఋతువు ఉంది, దాని రంగే తెరంతా పరుచుకుని ఉంటుంది. అప్పటికీ పట్టకపోతే వదిలేయండి. వాడిని నేను బలవంతపెట్టలేదు. మూడో ఎపిసోడ్ అప్పుడు చెవులు మూసుకోమంటే మాత్రం మూసుకున్నాడు. చాలాసేపు తీయలేదు.

మొదటి 26 అయ్యాక వెంటనే 2014 సీరీస్‌కు వెళ్ళకండి. ఒక నెల ఆగండి. నాగహామా బృందం ఎనిమిదేళ్ళు ఆగి కూడా అదే నడకతో తిరిగి వచ్చింది. మీరు కూడా కొంత ఎడం ఇచ్చి చూస్తే, గింకో మళ్ళీ ఆ చెక్కపెట్టెతో కొండదారిన కనిపించినప్పుడు ఊరి నుంచి ఎవరో వచ్చినట్టుంటుంది. ఆ రెండో సీరీస్ తర్వాత 2015లో వచ్చిన సినిమా ఒకటి ఉంది, దాన్ని అన్నిటికన్నా చివర పెట్టుకోండి. 

నాకు రెండో సీరీస్‌లో ఇంకా నాలుగు మిగిలి ఉన్నాయి. ఏప్రిల్‌లో ఆపాను. జూన్‌లో తొలకరి పడితే ఫ్యాను కట్టేసి, హెడ్‌ఫోన్లు పక్కన పెట్టి, అత్తయ్యతో కలిసి చూద్దామని.